తెర మీద 100% అంటే నిజంగా ఎంత? ఇంక్‌స్కేప్, కోరల్‌డ్రా, ఇలస్ట్రేటర్‌లలో అసలు సైజు చూడాలంటే ఏ దారి పట్టాలి

లాడ్ బజార్‌లో 2.6 గాజు అంటే లోపలి వ్యాసం రెండు అంగుళాల మీద పదహారులో ఆరు వంతులు. అంటే 2.375 అంగుళాలు, 60.3 మి.మీ. మధ్యలో ఉన్న చుక్క దశాంశ బిందువు కాదు. 2.4 అయితే 57.2 మి.మీ., 2.8 అయితే 63.5 మి.మీ. సైజుకీ సైజుకీ మధ్య తేడా 3.2 మి.మీ. కూడా ఉండదు.

ఇప్పుడు బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ ఇంక్‌స్కేప్‌లో సరిగ్గా 60.3 మి.మీ. వృత్తం ఒకటి గీయండి. ఏ సెట్టింగూ మార్చకుండా జూమ్ 100% పెట్టి, 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ (1920×1080) మానిటర్ మీద స్టీలు స్కేలు ఆనించి కొలవండి. 63 మి.మీ. వస్తుంది. అంటే గీసింది 2.6 అయితే కనిపించేది 2.8. అదే ఫైలు 21.5 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్ మీద తెరిస్తే 56.5 మి.మీ., ఇంచుమించు 2.4. విండోస్ స్కేలింగ్ 100%లో ఉన్న 15.6 అంగుళాల ఫుల్ హెచ్‌డీ లాప్‌టాప్ మీదైతే 41 మి.మీ., చంటిపిల్ల గాజంత. ఫైలు మారలేదు, జూమ్ మారలేదు, మారింది మానిటర్ ఒక్కటే.

కారణం చిన్నదే. అంగుళానికి తెర మీద ఎన్ని చుక్కలు (పిక్సెల్స్) పడతాయో సాఫ్ట్‌వేర్‌కి తెలియదు. ఒక అంకె ఊహించుకుని పని చేస్తుంది. ఇంక్‌స్కేప్ ఊహించుకునేది 96. పాత ఇలస్ట్రేటర్ ఊహించుకునేది 72. నిజం మాత్రం మానిటర్‌ని బట్టి ఉంటుంది: 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీలో 91.8, 21.5 అంగుళాల దాంట్లో 102.5, 15.6 అంగుళాల ఫుల్ హెచ్‌డీ లాప్‌టాప్‌లో 141, 27 అంగుళాల 4కే మానిటర్‌లో 163. చాలా షాపుల్లో ఇప్పటికీ నడుస్తున్న 18.5 అంగుళాల 1366×768 మానిటర్‌లో 85 కూడా ఉండదు.

ఈ ఊహకీ నిజానికీ ఉన్న తేడాని సరిచేసే దారులు నాలుగున్నాయి: లెక్క కట్టి జూమ్ చేత్తో కొట్టడం, ఇంక్‌స్కేప్ స్లైడర్, కోరల్‌డ్రా రూలర్ కాలిబ్రేషన్ (తెర కొలతని స్కేలు కొలతకి సరిపెట్టడం), ఇలస్ట్రేటర్ తనంతట తాను చేసే సర్దుబాటు. ఐదోది కాగితం. అది ఈ నాలుగింటికీ తీర్పు చెప్పేది కాబట్టి చివర్లో విడిగా చెబుతాం.

ముందు కొలవడం సరిగ్గా రావాలి

ఏ దారి ఎంచుకున్నా కొలత తప్పితే సర్దుబాటూ తప్పుతుంది. 30 సెం.మీ. స్టీలు స్కేలు తీసుకోండి. తెర మీద గీతలు పడతాయనుకుంటే పారదర్శకమైన ప్లాస్టిక్ స్కేలు వాడండి. 0 దగ్గర అంచు అరిగిపోయి ఉంటుంది, అందుకే 1 సెం.మీ. గీత నుంచి మొదలుపెట్టి, వచ్చిన దాంట్లోంచి 1 తీసేయండి. కొలిచే గీత పొడవుగా ఉండాలి. చూపులో అర మి.మీ. తేడా మామూలే. 50 మి.మీ. గీత మీద ఆ తేడా 1% అవుతుంది, 200 మి.మీ. గీత మీద పావు శాతమే. తెర అద్దానికీ కింద ఉన్న బొమ్మకీ మధ్య కాస్త ఎడం ఉంటుంది కాబట్టి పక్క నుంచి చూస్తే కొలత జరుగుతుంది. ఒక కన్ను మూసి, ముందు ఎడమ చివరకి ఎదురుగా, తర్వాత కుడి చివరకి ఎదురుగా తల జరిపి చూడాలి.

స్కేలు చేతిలో లేకపోతే ఏటీఎం కార్డు చాలు. బ్యాంకు కార్డులన్నీ 85.60 × 53.98 మి.మీ. ప్రమాణంలోనే వస్తాయి. ఇంకా పొడవు కావాలంటే ఇప్పటి 500 నోటు 150 మి.మీ. పొడవు, 66 మి.మీ. వెడల్పు. మడతలు లేని నోటు దొరకాలి, అదొక్కటే ఇబ్బంది. ఇంట్లో ప్రింటు తీసిన కాగితం స్కేలుని మాత్రం నమ్మొద్దు. అది ఏ శాతంలో ప్రింటయిందో మళ్లీ వేరే స్కేలుతోనే తేల్చుకోవాలి.

కొలవడానికి ముందు మరో రెండు చూడండి. మానిటర్ తన అసలు రిజల్యూషన్‌లో ఉందా? 1366×768 మానిటర్‌ని అక్షరాలు పెద్దగా కనిపించాలని 1024×768లో పెట్టుకునేవాళ్లున్నారు. అప్పుడు బొమ్మ అడ్డంగా సాగుతుంది, వృత్తం కోడిగుడ్డవుతుంది. ఏ జూమ్ అంకె పెట్టినా ఒక దిక్కు కుదిరితే రెండోది కుదరదు. రెండోది విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో ఉండే స్కేల్. కొత్త లాప్‌టాప్‌లు 125% లేదా 150%తో వస్తాయి. దాన్ని ముందే మీకు నచ్చిన చోట నిలిపేసి, ఆ తర్వాతే కాలిబ్రేషన్ చేయండి. తర్వాత ఎప్పుడైనా అది మార్చితే పని మళ్లీ మొదటికొస్తుంది.

లెక్క కట్టి జూమ్ కొట్టడం

దీనికి సెట్టింగులు అక్కర్లేదు, ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా పని చేస్తుంది. సరిగ్గా 200 మి.మీ. గీత గీసి, జూమ్ 100% పెట్టి, తెర మీద కొలవండి. ఇప్పటి జూమ్‌ని 200తో గుణించి, కొలిచిన అంకెతో భాగించండి. 24 అంగుళాల మానిటర్ మీద ఇంక్‌స్కేప్‌లో అది 209 వస్తుంది, కాబట్టి అసలు సైజు జూమ్ 95.7%. అదే గీత పాత ఇలస్ట్రేటర్‌లో 157 మి.మీ. కనిపిస్తుంది, జూమ్ 127.4% కావాలి.

ఆ అంకె ఒక కాగితం ముక్క మీద రాసి మానిటర్ అంచుకి అతికించండి. రెండు మానిటర్లుంటే రెండు చీటీలు. చూడ్డానికి మోటుగా ఉన్నా, వేర్వేరు సైజుల మానిటర్లు పక్కపక్కన ఉన్న చోట మిగతా వాటికంటే ఇదే నిక్కచ్చి పద్ధతి. ఇబ్బందల్లా ప్రతిసారీ అంకె కొట్టాల్సి రావడం. ఇలస్ట్రేటర్‌లో వ్యూ మెనూలోని న్యూ వ్యూతో, కోరల్‌డ్రాలో వ్యూ మేనేజర్‌తో ఆ జూమ్‌కి పేరు పెట్టి ఫైల్లో దాచుకోవచ్చు. టెంప్లేట్ ఫైల్లోనే ‘అసలు సైజు’ అని ఒక వ్యూ పెట్టుకుంటే రోజూ కొట్టే పని తప్పుతుంది.

ఇంక్‌స్కేప్ స్లైడర్

ఎడిట్ మెనూలో ప్రిఫరెన్సెస్ తెరవండి. జూమ్ కరెక్షన్ ఫ్యాక్టర్ అనే స్లైడర్ ఉంటుంది, దాని పక్కనే ఒక రూలర్ బొమ్మ. వెర్షన్ని బట్టి చోటు మారుతుంది కాబట్టి, 1.1 నుంచి ప్రిఫరెన్సెస్‌లోనే ఉన్న వెతుకు పెట్టెలో ‘జూమ్’ అని ఇంగ్లిష్‌లో కొట్టడం తేలిక. యూనిట్ మి.మీ. పెట్టుకుని, స్టీలు స్కేలుని తెర మీది రూలర్‌కి ఆనించి, రెండూ కలిసేదాకా స్లైడర్ జరపండి. 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీకి 95.6 దగ్గర, 21.5కి 106.7 దగ్గర ఆగుతుంది. మీది దీనికి చాలా దూరంలో ఆగితే రిజల్యూషన్, స్కేలింగ్ మరోసారి చూడండి. ఓకే బటన్ కోసం వెతకొద్దు, మార్పు అప్పటికే పడిపోయి ఉంటుంది.

ఆ తర్వాత బొమ్మ మీద ఒకసారి క్లిక్ చేసి కీబోర్డులో 1 నొక్కితే 1:1, అంటే అసలు సైజు. 2 నొక్కితే సగం. ఒక్క నిమిషం పనికి ఇంత సుఖం మిగతా సాఫ్ట్‌వేర్లలో లేదు. ఆ పైన ఇది ఉచితం. కొత్తగా డిజైన్ నేర్చుకునే పిల్లలకి మొదటి రోజే ఈ స్లైడర్ చూపించాలి.

ఆ రూలర్ బొమ్మ మాత్రం పొట్టిది. అక్కడ కుదిరిందని వదిలేయకుండా పేజీలో 200 మి.మీ. గీత గీసి, 1 నొక్కి, మళ్లీ కొలవండి. 201 వస్తే స్లైడర్‌ని అర శాతం తగ్గించండి.

దీనికున్న లోటు ఒకటే: మొత్తం సాఫ్ట్‌వేర్‌కి ఒకే అంకె. లాప్‌టాప్‌కి పెద్ద మానిటర్ తగిలిస్తే, దేని మీద కొలిచారో దాని మీదే సరిగ్గా ఉంటుంది. విండోని రెండో తెర మీదికి లాగితే సైజు తప్పుతుంది. ప్రిఫరెన్సెస్ రీసెట్ చేసినా ఆ అంకె పోతుంది.

కోరల్‌డ్రా రూలర్ కాలిబ్రేషన్

ఛత్తా బజార్ శుభలేఖల దుకాణాల నుంచి ఫ్లెక్స్ షాపుల దాకా మన దగ్గర ఎక్కువగా తిరిగేది కోరల్‌డ్రా ఫైళ్లే. కానీ అందులో ఈ సెట్టింగ్ ఉందన్న సంగతి ఏళ్ల తరబడి వాడుతున్నవాళ్లకి కూడా తెలియదు. టూల్స్ మెనూలో ఆప్షన్స్, అందులో టూల్స్, ఎడమ జాబితాలో జూమ్, పాన్. పాత వెర్షన్లలో వర్క్‌స్పేస్ కింద టూల్‌బాక్స్‌లో ఉంటుంది. అక్కడ ‘జూమ్ రిలేటివ్ టు 1:1’ గడిలో టిక్ పెట్టండి. ఇది పెట్టకపోతే కింద చేసే కాలిబ్రేషన్ వృథా. తర్వాత ‘కాలిబ్రేట్ రూలర్స్’ బటన్ నొక్కండి.

అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి రెండు రూలర్లు కనిపిస్తాయి, వాటికి విడివిడిగా రిజల్యూషన్ గడులుంటాయి. రెండు గడుల్లోనూ మీ మానిటర్ అంగుళానికి ఎన్ని చుక్కలో ఆ అంకె వేసి, తర్వాత స్కేలు పెట్టి కొద్దికొద్దిగా సర్దండి. ఆ అంకె తెలియకపోతే తెర వెలిగే భాగం వెడల్పు మి.మీ.లలో కొలిచి, అడ్డం చుక్కల సంఖ్యని 25.4తో గుణించి ఆ వెడల్పుతో భాగించండి. 24 అంగుళాల మానిటర్‌కి వెడల్పు 531 మి.మీ. కాబట్టి 1920 × 25.4 ÷ 531 = 91.8. డబ్బా మీద రాసిన అంగుళాల కన్నా ఇది నయం. 23.8 అంగుళాల మానిటర్లని 24 అనే అమ్ముతారు, 21.5ని 22 అంటారు. 21.5ని 22గా లెక్కేస్తే అక్కడే 2.3% తప్పు.

అడ్డం, నిలువు విడిగా సర్దుకునే వీలు ఇక్కడుంది. సాగిన తెరని కూడా దీంతో దారికి తేవచ్చు కదా అనిపిస్తుంది. అలా చేయకండి. తెరని దాని అసలు రిజల్యూషన్‌కి తెచ్చాక రెండు గడుల్లోనూ దాదాపు ఒకే అంకె రావాలి. ఒకటి 92, ఇంకోటి 97 వస్తోందంటే ఎక్కడో సాగుడు మిగిలే ఉందని అర్థం. ఆ రకంగా ఈ రెండు గడులు తెర ఆరోగ్యాన్ని కూడా చెబుతాయి.

ఇలస్ట్రేటర్: తానే చూసుకుంటుంది, చాలావరకు

2018 చివర్లో వచ్చిన సీసీ 2019 నుంచి ఇలస్ట్రేటర్‌లో వ్యూ మెనూలోని యాక్చువల్ సైజ్ నిజమైన ప్రింటు సైజుని చూపించేలా మారింది. షార్ట్‌కట్ కంట్రోల్ 1. జనరల్ ప్రిఫరెన్సెస్‌లో ‘డిస్‌ప్లే ప్రింట్ సైజ్ ఎట్ 100% జూమ్’ గడికి టిక్ ఉండాలి. మీరు కొలిచేదేమీ లేదు. తన సైజెంతో మానిటర్ కంప్యూటర్‌కి చెబుతుంది, ఆ సమాచారం మీదే ఈ సర్దుబాటు నడుస్తుంది.

లాప్‌టాప్ సొంత తెర మీదా, మంచి కేబుల్‌తో నేరుగా తగిలించిన మానిటర్ మీదా ఇది హాయిగా పని చేస్తుంది. తేడా వచ్చేది పాత వీజీఏ కన్వర్టర్లు, స్విచ్ డబ్బాలు మధ్యలో ఉన్నప్పుడు, టీవీలు తగిలించినప్పుడు. మధ్యలోని డబ్బా ఆ సమాచారాన్ని మింగేయవచ్చు. కొన్ని టీవీలు అసలు సైజుకి బదులు 16:9 అన్న నిష్పత్తినే సైజుగా చెబుతాయి. తప్పు సమాచారం వస్తే సరిదిద్దుకోడానికి ఇంక్‌స్కేప్‌లో లాంటి స్లైడర్ ఇందులో లేదు. అప్పుడు పైన చెప్పిన లెక్కే దిక్కు. అందుకే కంట్రోల్ 1 నొక్కి, ఏటీఎం కార్డు సైజు డబ్బా ఒకటి గీసి, దాని మీద కార్డు ఆనించి ఒక్కసారి చూడండి. కుదిరితే ఆ మానిటర్ ఉన్నంతకాలం నిశ్చింత.

షాపులో కస్టమర్‌కి చూపించడానికి టీవీ వాడేవాళ్లు ఇంకోటి చూడాలి. చాలా టీవీలు హెచ్‌డీఎంఐ బొమ్మని అంచులు కోసి కొంచెం పెద్దది చేస్తాయి. టాస్క్‌బార్ సగం కనిపించకపోతే అదే జరుగుతోందన్నమాట. టీవీ పిక్చర్ మెనూలో జస్ట్ స్కాన్, స్క్రీన్ ఫిట్ లాంటి పేరుతో ఉండే ఆప్షన్ పెట్టాకే కొలవాలి.

మరి మీకేది?

ఒకే మానిటర్, ఇంక్‌స్కేప్ అయితే ఆలోచించేదేమీ లేదు, స్లైడర్. కోరల్‌డ్రా మీదే బతికే షాపు అయితే రూలర్ కాలిబ్రేషన్. ఒక కుర్రాడు ఒక మధ్యాహ్నం కూర్చుంటే షాపులో ఉన్న సిస్టమ్‌లన్నీ అయిపోతాయి. ఇలస్ట్రేటర్ కొత్త వెర్షన్ అయితే దాన్నే నమ్మండి, కార్డుతో ఒకసారి సరిచూసుకున్నాక. రెండు వేర్వేరు మానిటర్లున్నవాళ్లు ఏ సాఫ్ట్‌వేర్ వాడినా, కాలిబ్రేషన్ ప్రధాన తెరకి చేసి, రెండో తెరకి చీటీ అతికించుకోవడం మేలు. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాను దొరికే సీటీసీలోనో ఇంకెక్కడో సెకండ్‌హ్యాండ్ మానిటర్ కొంటుంటే స్కేలు జేబులో పెట్టుకుని వెళ్లండి. తెర వెలిగే వెడల్పు అక్కడే కొలిచి, పాతదానితో సరిపోయే మానిటర్ తెచ్చుకుంటే ఈ తలనొప్పి సగం పోతుంది.

ఫ్లెక్స్ పనికి 1:1తో అవసరం లేదు, కానీ కాలిబ్రేట్ చేసిన తెర అక్కడ ఇంకో రకంగా అక్కరకొస్తుంది. 10×4 అడుగుల ఫ్లెక్స్‌ని 10% జూమ్‌లో పెడితే తెర మీద 305×122 మి.మీ. వస్తుంది. కుర్చీలో కూర్చుని కంటికి రెండడుగుల దూరంలో దాన్ని చూస్తే, అసలు ఫ్లెక్స్‌ని 20 అడుగుల నుంచి చూసినట్టే. కంటికీ తెరకీ మధ్య మూడడుగులు ఉండేలా వెనక్కి జరిగితే 30 అడుగులు. అమీర్‌పేట మైత్రీవనం దగ్గర రోడ్డుకి అవతలి పక్క నిలబడ్డ మనిషికి ఫోన్ నంబరు కనిపిస్తుందా లేదా అన్నది ఈ లెక్కతో కుర్చీలోంచి కదలకుండా తేల్చుకోవచ్చు. కాలిబ్రేట్ చేయని తెర మీద 10% అన్నది ఎంత దూరానికి సమానమో చెప్పలేం.

జూమ్ సరైనదే, బొమ్మే తప్పు

కాలిబ్రేషన్ అంతా బాగుండి కూడా బొమ్మ చిన్నగా కనిపిస్తే, అసలు ఫైల్లోనే సైజు మారి ఉండవచ్చు. ఇలస్ట్రేటర్ నుంచి ఎస్‌వీజీగా (వేరే సాఫ్ట్‌వేర్లలోనూ తెరుచుకునే ఒక రకం ఫైలుగా) తీసిన బొమ్మ అంగుళానికి 72 లెక్కలో ఉంటుంది. ఇంక్‌స్కేప్ దాన్ని 96 లెక్కలో చదువుతుంది. 100 మి.మీ. గీత 75 అవుతుంది. 60.3 మి.మీ. గాజు 45.2కి పడిపోతుంది. అంతా ఎంచుకుని 133.333%కి పెంచితే సరిపోతుంది. 2017కి ముందు, అంటే 0.92 వెర్షన్ రాకముందు ఇంక్‌స్కేప్ అంగుళానికి 90 లెక్క వాడేది. అప్పటి ఫైలు తెరిచినప్పుడు అడిగే ప్రశ్నకి చూసుకోకుండా జవాబిస్తే సైజు 93.75%కి తగ్గిపోవచ్చు. లేజర్ కటింగ్‌కి, డై తయారీకి ఫైలు పంపేటప్పుడు ఎస్‌వీజీ కన్నా పీడీఎఫ్ పంపడం క్షేమం, అందులో సైజు స్థిరంగా ఉంటుంది. ఏది పంపినా ఒక మూల 100 మి.మీ. గీత పెట్టి, పక్కన ‘ఇది 100 మి.మీ.’ అని రాయండి. కోసే ముందు అవతలివాళ్లు ఒక్క గీత కొలిస్తే చాలు.

కాగితం చెప్పేదాన్ని తెర చెప్పలేదు

అసలు సైజులో చూస్తున్నాం కాబట్టి అక్షరాలు కూడా అసలులాగే కనిపిస్తున్నాయని అనుకోకూడదు. 8 పాయింట్ల తెలుగు అక్షరానికి 24 అంగుళాల మానిటర్ మీద దక్కేది నిలువున పది చుక్కలు. ఆ పదింటిలోనే తలకట్టు, గుడి, కింద ఒత్తు అన్నీ ఇమడాలి. ‘రాష్ట్ర’ అని రాసి చూడండి: టకారం ఒత్తూ రకారం ఒత్తూ కలిసిపోయి మసక మచ్చలా కనిపిస్తాయి. అదే ప్రింటులో విడివిడిగా, స్పష్టంగా వస్తుంది. దీనికి ఎదురుగా జరిగేదీ ఉంది. 400% జూమ్‌లో ముచ్చటగా కనిపించిన సన్నటి ఒత్తు శుభలేఖ మీద బంగారు రేకుతో అద్దేసరికి పూడుకుపోతుంది. తెర మీద అసలు సైజు చూసి తేల్చుకోవలసింది అమరిక, ఖాళీ, చేతిలో పట్టుకుంటే ఎంతుంటుంది అన్నది. చిన్న అక్షరాల సంగతి ప్రింటు ప్రూఫ్ తేల్చాలి.

ప్రూఫ్ తీసేటప్పుడు ప్రింట్ డైలాగ్‌లో ఫిట్ కాకుండా యాక్చువల్ సైజ్ లేదా 100% ఎంచుకోండి. ఫిట్‌లో ఉంటే పేజీ కొన్ని శాతాలు కుంచించుకుపోతుంది, కంటికి తెలియదు. అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి 100 మి.మీ. గీతలు పెట్టి, ప్రింటు వచ్చాక రెండూ కొలవండి. లేజర్ ప్రింటర్‌లో వేడికి తేమ పోయి కాగితం కాస్త ముడుచుకుంటుంది కాబట్టి పావు మి.మీ. అటూఇటూ అయితే కంగారు పడొద్దు. 97 వచ్చిందంటే మాత్రం ఫిట్ ఎక్కడో ఆన్‌లో ఉంది.

వాట్సాప్‌లో ప్రూఫ్ పంపినప్పుడు కస్టమర్ ఫోన్ తెర మీద సైజుకి అర్థమే లేదు. అందుకే బొమ్మ పక్కన ఏటీఎం కార్డు అంచులు సన్నని గీతతో గీసి పంపండి. కార్డు ఎంతుంటుందో ఎవరికైనా తెలుసు. పక్కనే ఉన్న గాజు గానీ శుభలేఖ గానీ దానికంటే ఎంత పెద్దదో, ఎంత చిన్నదో చూడగానే వాళ్లకే తెలిసిపోతుంది.